చారిత్రక నవల మీద ప్రాజెక్టు ఎలా రాయాలి: కథ చెప్పడం ఆపి అతుకు వెతకండి

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. పోయినేడు దసరా సెలవులకు ఒక చారిత్రక నవల ఇచ్చి "సాహిత్య అంశాలను విశ్లేషించండి" అని ఒకే ఒక్క లైను రాయించి పంపారు స్కూల్లో. పాప పాపం నాలుగు ఠావులు నింపింది, స్కెచ్ పెన్నులతో బార్డర్లు గీసింది, అట్ట మీద చార్మినార్ బొమ్మ అతికించింది. ఫైలు తిరిగొచ్చినప్పుడు దాని మీద ఎర్రసిరాతో ఒక ముక్క: "కథ నాకు తెలుసు. నువ్వేం చూశావు?" కింద 20కి 9. "అంత రాస్తే తొమ్మిదేనా పిన్నీ!" అని ఒకటే ఏడుపు. నేను తీసుకుని చదివితే టీచరమ్మ తప్పేమీ కనపడలేదు, మొదటి అధ్యాయంలో ఇది జరిగింది, తర్వాత అది జరిగింది, ఆ తర్వాత యుద్ధం జరిగింది, అంతే.

మళ్లీ రాసిస్తే చూస్తానన్నారట. మలక్‌పేటలో మా వంటింటి బల్ల దగ్గర రెండు ఆదివారాలు కూర్చుని మళ్లీ రాశాం. అప్పుడు చేసిన పద్ధతే ఇది. ఏ నవలో మాత్రం చెప్పను, చెప్తే వచ్చే ఏడు పిల్లలు మా పాప ఫైలే దించేస్తారు.

ముందు ఒక మాట. చారిత్రక నవల రెండు గుడ్డలు కలిపి కుట్టిన బట్ట లాంటిది. ఒకటి నిజంగా జరిగింది, రెండోది రచయిత ఊహించింది. పనితనం ఉన్న దర్జీ కుడితే బయటికి అతుకు కనపడదు. మనం చేయాల్సిందల్లా బట్టను లోపలివైపు తిప్పి ఆ అతుకు ఎక్కడుందో చూడటం, అక్కడే ఎందుకు వేశారో అడగడం. పాత్రలు, సంఘర్షణ, ప్రతీక, శైలి అని మీ టీచర్ అడిగేవన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి.

మొదటి పని: పుస్తకం దొరకబుచ్చుకోండి, ముందుమాట చదవకండి

కోఠిలో పాత పుస్తకాల దుకాణాల్లో గానీ, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద గానీ చూడండి, బేరమాడితే సగం ధరకు వస్తుంది. దొరక్కపోతే అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది, 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైంది అదే. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం ఉంది, అది 1901 నాటిది. పెద్దవాళ్లెవరినైనా వెంట తీసుకెళ్లండి, పని తొందరగా అవుతుంది.

పుస్తకం చేతికి రాగానే లోపలి పేజీలో "ప్రథమ ముద్రణ" ఏ సంవత్సరమో రాసుకోండి. పునర్ముద్రణ సంవత్సరం కాదు, ప్రథమ ముద్రణే. అది తర్వాత చాలా పనికొస్తుంది. ముందుమాట మాత్రం చివర్లో చదవండి. మన తెలుగు పుస్తకాల్లో ముందుమాట రాసే పెద్దలు కథంతా, చివర్లో ఎవరు చస్తారో దానితో సహా, ముందే చెప్పేస్తారు. పైగా వాళ్ల అభిప్రాయం ఒకసారి మీ బుర్రలోకి వెళ్లిందంటే మీది బయటికి రాదు.

రెండో పని: రెండుసార్లు చదవడం

అవును, రెండుసార్లు. టెన్షన్ పడకండి, మొదటిసారి పెన్సిల్ కూడా ముట్టుకోకుండా కథ కోసమే చదవండి. ఎక్కడ బోరు కొట్టిందో, ఎక్కడ ఆపలేకపోయారో గుర్తుంటే చాలు. రెండోసారి పెన్సిల్ పట్టుకుని మార్జిన్‌లో మూడే మూడు అక్షరాలు వేసుకుంటూ పోండి. (లైబ్రరీ పుస్తకమైతే వేరే కాగితం మీద, దయచేసి.)

చ అంటే చరిత్ర, రికార్డుల్లో ఉన్నది. జ అంటే జనం చెప్పుకునేది, రికార్డు ఉన్నా లేకపోయినా తరతరాలుగా నోటి మీద నడుస్తున్నది. క అంటే కల్పన, ఈ రచయిత సొంతంగా పుట్టించింది.

గోల్కొండ కథే తీసుకుందాం. ఔరంగజేబు 1687లో గోల్కొండను ఎనిమిది నెలల పాటు ముట్టడించాడు, చివరికి లోపలివాళ్లే తలుపు తీస్తే కోట పోయింది, ఇది చ. రామదాసు భద్రాచలం గుడి విషయంలో గోల్కొండ చెరలో పడ్డ సంగతి తెలిసిందే కదా, ఆ బాకీ తీర్చడానికి రామలక్ష్మణులే మారువేషాల్లో వచ్చి గోల్కొండ ఆఖరి సుల్తాను తానీషాకు మొహరీలు లెక్కపెట్టి ఇచ్చారన్నది జ. నమ్మకానికి సంబంధించిన కథ కాబట్టి దాన్ని అబద్ధమని రాయకండి, నిజమైందని రుజువు చేయబోకండి, "జనంలో ఉన్న కథను రచయిత వాడుకున్నారు" అంటే సరిపోతుంది. ఇక ముట్టడి రాత్రుల్లో కోట గోడ మీద కాపలా ఉన్న ఒక కుర్రాడు కింద మొగలుల డేరాల్లో దీపాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడనుకోండి, అది క.

చాలామంది పిల్లలు జ, క కలిపేసి అంతా "కల్పన" అని రాసేస్తారు. రెండూ వేరు. జనం కథను రచయిత ఏరుకున్నాడు, కల్పనను పుట్టించాడు. ఏది ఏరుకున్నాడు, దేన్ని వదిలేశాడు అన్నది కూడా విశ్లేషణే.

ఇది చేస్తున్నప్పుడే కాలదోషాలు, అంటే ఆ కాలంలో ఇంకా లేనివి, కనపడితే పట్టుకోండి. 1591కి ముందు కథలో చార్మినార్ నీడ పడిందా, తానీషా సైనికుడు అగ్గిపుల్ల గీశాడా, ఇరానీ చాయ్ తాగాడా. దొరికితే సంతోషమే కానీ దాని మీదే రెండు పేజీలు రాయకండి, టీచర్ అడిగింది రచయిత మీద కేసు పెట్టమని కాదు.

మూడో పని: ఒక్క ముక్క తీసుకుని దగ్గర్నుంచి చూడటం

అన్నిటికన్నా ఎక్కువ టైం దీనికే పెట్టండి. నవల మొత్తం విశ్లేషించడం ఎవరివల్లా కాదు. మీకు బాగా పట్టుకున్న అర పేజీ ఎంచుకుని దాన్ని విప్పండి. ఎలాగో చూపించడానికి మా పాప కోసం నేనే ఒక చిన్న ముక్క రాశాను, ఇది ఏ నవల్లోదీ కాదు, వెతకొద్దు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచిన రోజు, మన పెద్దవాళ్లు తుగ్యానీ అనేవాళ్లే, అదీ నేపథ్యం (దేవిడీ అంటే నవాబుల పెద్ద భవంతి):

"ఖాదర్ సాబ్ చింతకొమ్మను రెండు చేతులా వాటేసుకుని కూర్చున్నాడు. కింద నీళ్లు కనపడటం లేదు, చప్పుడే. పక్క కొమ్మ మీద బట్టలుతికే యాదమ్మ, ఒళ్లో మూట. 'ఆ మూట ఇడ్సిపెట్టమ్మా, కొమ్మ ఇరుగుతది' అన్నాడు. 'ఇవి నా బట్టలు కావు సాబ్, దేవిడీవి. లెక్క చెప్పాలె' అంది యాదమ్మ. నీళ్లు తగ్గేసరికి దేవిడీ లేదు. మూట ఉంది."

ఇప్పుడు మన మూడు అక్షరాలు వేద్దాం. వరద వచ్చింది, చ. అఫ్జల్ పుల్, ముసల్లం జంగ్ పుల్, చాదర్‌ఘాట్ పుల్ వంతెనలు కొట్టుకుపోయి ఒక్క పురానాపూల్ మిగిలింది, అది కూడా చ, అయితే ఈ ముక్కలో ఆ సంగతి లేనే లేదు, గమనించారా? రాసే మనిషికి తెలిసినా పెట్టలేదు. చింతచెట్టు నిజం. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో, ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి తోటలో, ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఖాదర్ సాబ్, యాదమ్మ, మూట, మూడూ క.

ఇక అడగండి, మూట ఎందుకు? చెట్టు మీద ఇద్దరు మనుషులు భయపడుతూ కూర్చున్నా సీను నడుస్తుంది కదా. మూట లేకుండా ఒకసారి చదివి చూడండి, వరద వార్త మిగులుతుంది. మూటతో చదివితే ఇంకో సంగతి బయటపడుతుంది, ప్రాణం పోయేటప్పుడు కూడా ఆమెకు దేవిడీ వాళ్లకు లెక్క చెప్పాలన్న భయమే పెద్దది. రికార్డుల్లో ఎంతమంది పోయారు, ఎన్ని ఇళ్లు కూలాయి అన్న లెక్కలుంటాయి. చెట్టెక్కినామె ఒళ్లో ఎవరి బట్టలున్నాయో ఏ రికార్డులోనూ ఉండదు. ఆ ఖాళీ ఉన్న చోటే రచయిత అతుకు వేశాడు.

అలా ఒక్క మూట పట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే వస్తాయి. సంఘర్షణ అంటారా, పైకి మనిషికీ నీళ్లకీ, లోపల బతకాలన్న కోరికకీ యజమాని భయానికీ. ప్రతీక అంటారా, మూటే. వ్యంగ్యం ఎక్కడుంది అంటే, లెక్క అడగాల్సిన ఇల్లే కొట్టుకుపోయాక లెక్క మాత్రం పదిలంగా ఉండటంలో ఉంది. శైలి చూడండి, మొదట్లో వాక్యాలు కాస్త పొడుగ్గా ఉన్నాయి, చివరి వాక్యం రెండే మాటలకు తగ్గిపోయింది. "అయ్యో ఎంత విషాదం" అని రచయిత ఎక్కడా అనలేదు.

సంభాషణ భాష వేరేగా చూడాలి, మన హైదరాబాద్ కథలకు ఇది మరీ ముఖ్యం. కథనం మామూలు రాత తెలుగు, మాటలు మాత్రం ఇక్కడి తెలుగు, "ఇరుగుతది", "చెప్పాలె". ఖాదర్ సాబ్ ఇంట్లో దక్కనీ మాట్లాడేవాడే అయ్యుండాలి, యాదమ్మతో తెలుగు మాట్లాడుతున్నాడంటే వాళ్లిద్దరూ ఒకే బస్తీ వాళ్లని, రోజూ పలకరించుకునేవాళ్లని చెప్పకుండానే తెలుస్తోంది. మీ నవల్లో కచేరీ (సర్కారు ఆఫీసు) సీన్లుంటే ఇంకోటి గుర్తుపెట్టుకోండి: నిజాం రాజ్యంలో 19వ శతాబ్దం చివర ఫార్సీ పోయి ఉర్దూ కచేరీ భాష అయింది, కాబట్టి తాసీల్దారు గారు గ్రాంథిక తెలుగులో హుకుం జారీ చేస్తున్నాడంటే రచయిత మనకోసం దాన్ని తెలుగు చేసి పెట్టాడన్నమాట. ఎక్కడ తెలుగు చేశాడు, ఎక్కడ "హుజూర్", "అర్జీ", "బేగార్" (వెట్టి) అని అలాగే ఉంచాడు అన్నది చూస్తే, రైతుకు అర్థం కాని భాషలో రైతు బతుకు ఎలా నడిచిందో కనపడుతుంది.

నాలుగో పని: పాత్రలు

పాత్రల పట్టిక గీయండి, మూడు గడులు చాలు: చరిత్రలో ఉన్నవాళ్లు, లేనివాళ్లు, ఎవరు ఎవరిని కలిశారు. మూడో గడే అసలుది. రాజులు, నవాబులు, సేనాపతులు చేసిన పనులు ముందే రాసి ఉన్నాయి, నవలా రచయిత వాళ్లను పెద్దగా కదపలేడు, తానీషాను గెలిపించలేడు కదా. అందుకే చాలాసార్లు కథ మోసేది ఎవరికీ తెలియని మనిషే, ఒక కాపలావాడు, ఒక దాది, ఒక గుర్రాల బేహారి. ఆ చిన్న మనిషి పెద్ద మనిషి ఎదురుగా నిలబడిన సీను నవల్లో ఒకటో రెండో ఉంటాయి. అక్కడ పేజీ మడతపెట్టుకోండి.

"ధైర్యవంతుడు, త్యాగశీలి, ఉదాత్తుడు" అని గుణాల దండ గుచ్చొద్దు. ఒక గుణం, దానికి ఒక సంఘటన, ఆ గుణం తప్పిన ఒక సందర్భం. మూడోది దొరక్కపోతే ఆ పాత్ర బొమ్మలా ఉందని రాయొచ్చు, నిర్భయంగా. పేరున్న నవల కాబట్టి మెచ్చుకోవాలని రూలేం లేదు.

ఐదో పని: కథ ఎవరు చెప్తున్నారు

దీనికి ఎక్కువ టైం పట్టదు కానీ ఇక్కడ ఒక గుంట ఉంది, ఇంగ్లిష్ మీడియం పిల్లలు అందరూ అందులో పడతారు, మా పాప కూడా పడింది. ఇంగ్లిష్‌లో ఫస్ట్ పర్సన్ అంటే "నేను". దాన్ని అలాగే తెలుగు చేసి "ఈ నవల ప్రథమ పురుషలో సాగింది" అని రాసేస్తారు. తెలుగు వ్యాకరణంలో "నేను" ఉత్తమ పురుష, "నువ్వు" మధ్యమ పురుష, "అతడు, ఆమె" ప్రథమ పురుష. అంటే సరిగ్గా తలకిందులు. నవల "నేను" అని నడిస్తే ఉత్తమ పురుష అని రాయండి.

రాశాక, ఆ చెప్పేవాళ్లకు ఏం తెలియదో కూడా చూడండి. ఉత్తమ పురుషలో చెప్పేవాడికి రేపు ఏం జరుగుతుందో తెలియదు, మనకు తెలుసు. కోట పడిపోతుందని పాఠకుడికి ముందే తెలిసినా కథ ఎలా లాక్కెళ్లింది? చారిత్రక నవల్లో ఉత్కంఠ "ఏమవుతుంది" అన్న దగ్గర ఉండదు, "ఈ మనిషి ఏం చేస్తాడు" అన్న దగ్గరే ఉంటుంది.

ఆరో పని: రెండు కాలాలు

ప్రథమ ముద్రణ సంవత్సరం రాసుకోమన్నాను గుర్తుందా, ఇప్పుడు తీయండి. ప్రతి చారిత్రక నవలకూ రెండు కాలాలుంటాయి, కథ జరిగిన కాలం, రాసిన కాలం. గోన గన్నారెడ్డి నవల చూడండి, కథ 13వ శతాబ్దపు కాకతీయులది, రుద్రమదేవి నాటిది. రాసిన అడివి బాపిరాజు స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లొచ్చిన మనిషి, 1940లలో మన హైదరాబాద్‌లోనే మీజాన్ పత్రిక తెలుగు సంపాదకుడిగా ఉన్నాడు. అప్పటికి తెలుగువాళ్లు కొంతమంది ఇంగ్లిష్‌వాళ్ల కింద, కొంతమంది నిజాం కింద. అలాంటి రోజుల్లో తెలుగు నేలను ఏలిన ఒక రాణి కథ ఎందుకు ఎత్తుకుని ఉంటాడు? ఈ ఒక్క ప్రశ్నతో ఒక పేజీ రాయొచ్చు. ఇంట్లో తాతయ్యో అమ్మమ్మో ఉంటే వాళ్లనూ అడగండి, పుస్తకంలో లేనివి చెప్తారు.

ఇతివృత్తం గురించి రాసేది కూడా ఇక్కడే. "దేశభక్తి", "ప్రేమ" అని ఒక్క మాటతో సరిపెట్టొద్దు. మాటకు బదులు వాక్యం రాయండి. "భయం" అనకుండా "యజమాని పోయినా యజమాని భయం పోదు" అనండి.

ఏడో పని: రాయడం

ముందు ఒకే ఒక వాక్యం, మీరు చూసింది ఏమిటో. దానికి మూడు ఆధారాలు. ప్రతి ఆధారానికీ నవల్లోని ఒక లైను, పేజీ నంబరు, ఆ లైను మీ మాటను ఎలా నిలబెడుతుందో రెండు మూడు వాక్యాలు. కథ సారాంశం మొత్తం కలిపి ఎనిమిది లైన్లు దాటొద్దు.

మా పాప మొదట రాసింది ఇలా ఉంది:

"ఈ నవలలో రచయిత సంభాషణలను ఎంతో సహజంగా, పాఠకుల హృదయాలకు హత్తుకునేలా రాశారు. పాత్రలు సజీవంగా మన కళ్ల ముందు కదలాడుతాయి."

నవల పేరు మార్చి చూడండి. దేనికైనా సరిపోతుంది, అందుకే దేనికీ పనికిరాదు. ఫోన్‌ని అడిగి రాయించుకున్నా ఇలాంటివే వస్తాయి, క్లాసులో నలభై ఫైళ్లలో నలభైసార్లు హృదయాలు హత్తుకుంటాయి, టీచర్‌కు తెలియదనుకోకండి.

నా ముక్క మీద తను సాధన చేసి రాసింది, ఒకటి రెండు అక్షరదోషాలు నేను దిద్దాను:

"యాదమ్మ మూట వదలకపోవడానికి కారణం అత్యాశ కాదు, భయం. 'లెక్క చెప్పాలె' అన్న మాటలో అది తెలుస్తుంది. చెట్టెక్కి జనం బతికారన్నది చరిత్ర, మూట మాత్రం కల్పన. బతికిన వాళ్లు ఎవరికి భయపడి బతికారో చరిత్ర చెప్పలేదు కాబట్టి రచయిత దాన్ని మూటలో కట్టి చెప్పారు."

"మూటలో కట్టి" అన్నది నేను చెప్పింది కాదు, తనకే తట్టింది. ఇది చేతికొచ్చాక అసలు నవల మీద రాయడానికి ఒక్క పూట పట్టింది.

చివరగా చిన్న చిన్నవి. వీలైతే కథ జరిగిన చోటికి ఒకసారి వెళ్లి రండి, పురానాపూల్ 1578 నాటిది, ఇప్పటికీ అక్కడే ఉంది, దాని మీద నిలబడితే నది వెడల్పు ఎంతో, నీళ్లు ఎంత పైకి రావాలో కాళ్లకు తెలుస్తుంది. ఫొటో తీసి అతికించినా దాని కింద ఒక లైను రాయండి, నవల్లో వర్ణించినదానికీ మీరు చూసినదానికీ ఏం తేడా ఉందో. బార్డర్లు గీయాలనిపిస్తే గీసుకోండి, కానీ రాయడం అయ్యాక.

మరో సంగతి, పేజీ నంబర్లు. మాది ఆబిడ్స్‌లో కొన్న పాత ముద్రణ, టీచరమ్మ దగ్గరున్నది కొత్తది, మేం వేసిన నంబర్లలో ఒక్కటీ ఆమె పుస్తకంలో కలవలేదు. మొదటి పేజీలోనే ఏ సంవత్సరపు ముద్రణ వాడారో, ఎవరు వేశారో రాసేయండి. నంబరు పక్కన అధ్యాయం కూడా వేస్తే ఇంకా మంచిది.